పాత సామాను ప్రశ్నలు: ముందు తలకిందులు చేసి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే భయం కనిపించింది. పాత ఫర్నిచర్‌తో ఇల్లు సర్దుకోవాలని ఉంది, కానీ మోసపోతామేమో, పురుగులు తెచ్చిపెట్టుకుంటామేమో అని. మా నాన్న వడ్రంగి. నేను ఇరవై ఆరేళ్లుగా పాత సామాను బాగుచేస్తున్నాను. నన్ను పనిలో పెట్టుకున్న మొదటి రోజు నాన్న నా చేతికి ఉలి ఇవ్వలేదు. ఒక కుర్చీని తలకిందులు చేసి బల్ల మీద పెట్టి, "చూడు. ఏం కనిపించిందో సాయంత్రం చెప్పు" అన్నాడు. మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ తలకిందులైన కుర్చీలోనే ఉంది.

అక్కా, మాకు పెళ్లయి ఆరు నెలలైంది. రెండు గదుల ఇల్లు. కొత్తగా కొన్న టీవీ బల్ల అప్పుడే అంచులు ఉబ్బిపోయింది. ఇక పాత చెక్క సామానే కొందామని మావారు అంటున్నారు. ఏది మంచిదో, ఏది కాదో నాలాంటిదానికి ఎలా తెలుస్తుంది?

మీ టీవీ బల్ల పార్టికల్ బోర్డు అయి ఉంటుందమ్మా. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసేది. ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే మళ్లీ అణగదు. గట్టి చెక్కతో చేసిన పాత బల్ల అలా కాదు. తడిసినా ఆరుతుంది, విరిగినా అతుకుతుంది. పాతది కొనమని నేను చెప్పేది అందుకే. బాగుచేయడానికి వీలుగా చేసిన వస్తువు అది.

కొనేటప్పుడు ముందు వైపు చూడటం మానేయండి. ముందు వైపు ఎవరైనా మెరిపిస్తారు. సొరుగు ఉంటే పూర్తిగా బయటికి లాగి, వెలుతురులోకి తీసుకెళ్లండి. ముందు చెక్కా పక్క చెక్కా కలిసే మూల చూడండి. పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటే అది డవ్‌టెయిల్ జాయింట్. పళ్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే యంత్రం కోసినవి. కాస్త హెచ్చుతగ్గులుగా ఉండి, వాటి మొదట్లో సన్నటి గీత ఒకటి కనిపిస్తే చేత్తో కోసినవి. కోసే ముందు వడ్రంగి కొలత కోసం గీసుకున్న గీత అది. ఎవరూ చూడని చోటు కాబట్టి చెరపలేదు. నాకు ఆ గీత కనిపిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. మూలలో పళ్లేమీ లేకుండా స్టేపుల్ పిన్నులు, ఎండిపోయిన జిగురు మాత్రమే ఉంటే, పైన ఎంత చెక్కడం ఉన్నా వదిలేయండి.

తర్వాత సొరుగు అడుగు చెక్క. ఏళ్ల తరబడి లోపలికీ బయటికీ లాగిన సొరుగు అడుగు అంచులు అరిగి నున్నబడి ఉండాలి. చాలా పాతదని చెబుతూ ఆ అంచులు కొత్తగా, పదునుగా ఉంటే అడగండి. స్క్రూలు కూడా చూడండి. తల మీద ప్లస్ గాడి ఉన్న స్క్రూలు 1930లలో వాడకంలోకి వచ్చాయి. నూట యాభై ఏళ్ల నాటి బల్లకు అలాంటివి రెండు ఉంటే మధ్యలో ఎవరో రిపేరు చేశారని అర్థం. అన్నీ అవే అయితే ఆ వయసు మాట నమ్మకండి. గుండ్రటి బల్ల అయితే ఇంకో పరీక్ష ఉంది. చెక్క ఏళ్లు గడిచేకొద్దీ నార పొడవునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగా ముడుచుకుంటుంది. అందుకే దళసరి గట్టి చెక్కతో చేసిన పాత గుండ్రటి బల్లను రెండు వైపులా కొలిస్తే నారకు అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది.

కొలతలు మాత్రం ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ద్వారం వెడల్పు, మెట్ల మలుపు, గది ఎత్తు. బీరువా విషయంలో చాలామంది ఒకటి మర్చిపోతారు. పడుకోబెట్టి లోపలికి తెచ్చిన బీరువాను నిలబెట్టేటప్పుడు దాని మూల పైకప్పుకు తగులుతుంది. 220 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల లోతు ఉన్న బీరువా లేచి నిలబడాలంటే 228 సెంటీమీటర్లకు పైగా ఖాళీ కావాలి. 225 ఉన్న గదిలో అది నిలబడదు, వెనక్కి మోసుకెళ్లాల్సిందే. భోజనాల బల్లకు సరిపడే కుర్చీలు విడిగా కొంటుంటే, కూర్చునే చోటు నుంచి బల్ల పైభాగం దాకా 25 నుంచి 30 సెంటీమీటర్ల తేడా ఉండాలి. పాత కుర్చీల కాళ్లు అరిగి, కోసి, పొట్టివై ఉంటాయి. కూర్చుని చూడకుండా కొనకండి.

మేడమ్, ముచ్చటపడి ఒక పాత పుస్తకాల అర కొన్నాను. వారం తిరక్కుండా దాని కింద పసుపు రంగు పిండి రాలుతోంది. కిరోసిన్ పూస్తే పోతుందన్నారు. పూశాను. మళ్లీ రాలుతోంది. టెన్షన్‌గా ఉంది.

ముందు దాన్ని మిగతా చెక్క సామానుకు దూరంగా, విడిగా పెట్టండి. ఈ జవాబు చదువుతూనే లేచి ఆ పని చేయండి.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. పని నేర్చుకున్న మూడో ఏడు, చిన్న అర ఒకటి కొన్నాను. నాలుగైదు రంధ్రాలు కనిపిస్తే "అవి పాత రంధ్రాలు, పురుగు ఎప్పుడో పోయింది" అన్నాడు అమ్మినవాడు. నేను రంధ్రాల్లో మైనం నింపి, పాలిష్ పెట్టి, నాన్న మంచం పక్కన పెట్టాను. ఆ పాలిష్ నాకు చాలా బాగా కుదిరింది. వేసవి వచ్చేసరికి మైనం పక్కనే కొత్త రంధ్రాలు. మరుసటి ఏడు నాన్న కూర్చునే కుర్చీ కాలు వేలితో నొక్కితే లోపలికి పోయింది. నాన్న ఏమీ అనలేదు. ఆ కాలును ముక్కలుగా చీల్చి, లోపల పిండిగా మారిన దారులన్నీ నాకు చూపించాడు, అంతే.

అప్పుడు తెలుసుకున్నది చెబుతాను. మనకు కనిపించే రంధ్రం పురుగు లోపలికి వెళ్లిన దారి కాదు, రెక్కలు వచ్చి బయటికి ఎగిరిపోయిన దారి. దాని పిల్లపురుగు అప్పటికే నెలల తరబడి, కొన్ని జాతుల్లో మూడు నాలుగేళ్లు కూడా, లోపల తింటూ ఉంటుంది. పైన కిరోసిన్ పూస్తే లోపలిదాకా పోదు. పైగా ఇంట్లో నిప్పు భయం. ఇక దాన్ని మానేయండి.

పురుగు బతికి ఉందో లేదో తెలియాలంటే రంధ్రాలను బ్రష్‌తో శుభ్రం చేసి, కింద నల్ల కాగితం పరిచి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచండి. కదిపితే పాత పిండి కూడా రాలి మనల్ని మోసం చేస్తుంది. కొత్త రంధ్రం అంచు పచ్చి చెక్క రంగులో ఉంటుంది, పాతది నల్లబడి ఉంటుంది. రాలేది మెత్తటి పిండి కాకుండా, ఆవగింజల కన్నా చిన్న గట్టి గుళికల్లా ఉంటే అది వేరే శత్రువు, ఎండు చెక్కలో ఉండే చెదపురుగు. భూతద్దంతో చూస్తే ఆ గుళికకు ఆరు పక్కలు కనిపిస్తాయి. చెదలైతే చెదల మందు కొట్టే పనివాళ్లను పిలవడమే దారి.

మీది పిండి అంటున్నారు కాబట్టి బోరాన్ ఉప్పుల మందు వాడొచ్చు. కానీ అది నీళ్లతో కలిసి చెక్కలోకి ఇంకే మందు. పాలిష్ ఉన్న చోట లోపలికి దిగదు. పాలిష్ లేని వెనక వైపు, అడుగు, అరల కింది భాగాలు బాగా తడిసేలా పూయాలి. ముందు వైపు కూడా పట్టాలంటే పాలిష్ తీయక తప్పదు. వేడి పెట్టి చంపే పద్ధతి ఇంకా నమ్మకమైనది. చెక్క నడిమధ్య దాకా 55 డిగ్రీలకు చేరాలి. ఎండలో పెడితే పైన మాత్రమే కాలుతుంది, పైన అతికించిన పలచటి చెక్క పొర, అంటే వెనీర్, లేచిపోతుంది. అలాంటి వేడి గది ఉన్నవాళ్ల దగ్గరికే పంపండి. చిన్న పెట్టె లాంటిదైతే ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచినా పని జరుగుతుంది.

వేలితో గట్టిగా నొక్కితే చెక్క లోపలికి పోతోందా? అయితే ఆ భాగం మార్చాలి. అర మొత్తం అలాగే ఉంటే పారేయండి. ఇది చెప్పడం నాకూ బాధే, కానీ ఒక అర కోసం ఇల్లంతా పోగొట్టుకోవద్దు.

తాతగారి రాతబల్ల నా వాటాకు వచ్చింది. పైన తెల్లటి గుండ్రటి మరకలు, ఒక నల్ల మరక ఉన్నాయి. మొత్తం గీకించి కొత్త పాలిష్ పెట్టిస్తే బాగుంటుందా?

గీకించకండి. దయచేసి.

ఒకసారి ఒక పెద్దావిడ బల్ల తెచ్చి "కొత్తగా చెయ్యమ్మా" అన్నారు. నేను చేశాను, అద్దంలా. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కుడి చేతి వైపు అంచును వేళ్లతో తడిమి, "ఇక్కడ ఆయన గడియారం పెట్టుకునేవారు, చిన్న గుంట ఉండేది" అన్నారు. నేను గరుకు కాగితంతో దాన్ని చదును చేసేశాను. ఆవిడ డబ్బు ఇచ్చి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఏ పాత బల్ల వచ్చినా దాని మీద ఏ గుర్తు ఉంచాలో అడగకుండా గరుకు కాగితం పట్టుకోను.

మీ బల్ల మీద ఉన్నది ఏ పాలిషో ముందు తెలుసుకోండి. కనిపించని చోట, అంటే కాలు లోపలి వైపు, దూదికి కాస్త స్పిరిట్ అద్ది రుద్దండి. జిగట పట్టి దూదికి రంగు అంటితే అది లక్కతో చేసిన పాలిష్, అదే ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు కదలకుండా థిన్నర్‌కు మెత్తబడితే లాకర్ (lacquer) అనే పూత. రెండిటికీ చలించకపోతే తర్వాతి కాలపు పాలియురెథేన్ లాంటి ప్లాస్టిక్ పూత.

తెల్ల మరక అంటే తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుందని అర్థం. చెక్క దాకా పోలేదు. లక్క పాలిష్ అయితే మెత్తటి నూలు గుడ్డకు స్పిరిట్ అద్ది, పూర్తిగా పిండేసి, మరక మీద ఈకతో రాసినంత తేలిగ్గా ఒకసారి తుడిచి ఆగండి. గుడ్డ తగిలిన చోట పలచటి తడి ఛాయ కనిపించి వెంటనే మాయం కావాలి, తడి నిలవకూడదు. తెల్లదనం తగ్గుతుంది. ఆరనిచ్చి మళ్లీ తుడవండి. తొందరపడి రుద్దితే పాలిషే లేచి వస్తుంది.

నల్ల మరక వేరు. నీరు చెక్క దాకా దిగి, ఇనుముతో కలిసి, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థాన్ని నల్లగా మార్చింది. ఆక్సాలిక్ ఆమ్లంతో అది పోతుంది, కానీ ఆ చోట పాలిష్ తీయాలి. అది విషం కూడా, చేతికి గ్లౌజులు లేకుండా తాకకూడదు. అయినా ఒక్క మాట అడుగుతాను. అది సిరాబుడ్డి పెట్టిన మరక కాదు కదా? అదే అయితే ఉండనివ్వండి.

పాలిష్ తర్వాత అవిసె నూనె పట్టిస్తే ఒక జాగ్రత్త. ఆ గుడ్డను ఉండలా చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. విప్పి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మా పిల్లలు పడుకున్న పాత కటకటాల మంచం అటక మీద ఉంది. రంగు వేసి ఇద్దామనుకుంటున్నాను.

వద్దమ్మా. మీ ప్రేమ నాకు అర్థమవుతోంది, కానీ పసిబిడ్డను పడుకోబెట్టే మంచం ఒక్కటి మాత్రం కొత్తది కొనండి. పాత మంచాల కటకటాల మధ్య సందు ఎక్కువ. 6 సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్లు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. పక్క పలక కిందికి జారే రకం అయితే ఇంకా ప్రమాదం. అమెరికాలో 2011 నుంచి వాటి అమ్మకాన్నే నిషేధించారు. పాత రంగులో సీసం ఉండొచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని అక్కడ ఆపింది 1978లో, చాలా చోట్ల ఇంకా ఆలస్యంగా. అలాంటి రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము గర్భిణికీ బిడ్డకీ విషం. అటక మీదే ఉంచండి. రంగు పరీక్ష చేయించి, సీసం లేదని తేలితే, ఆ పక్క పలకను గోడకు బిగించి తువ్వాళ్లు ఆరేసుకునే కమ్మీగా వాడుకోవచ్చు. నేను ఒకటి అలా చేసి ఇచ్చాను, బాగుంది.

అన్నం తినేటప్పుడు ఊగే కుర్చీలు నాలుగు ఉన్నాయి మా ఇంట్లో. వంచిన చెక్కవి, పాతవి. తెలిసినవాళ్లు మేకులు కొట్టమంటున్నారు. కొట్టించనా?

మేకు కొడితే ఇవాళ ఊగడం ఆగుతుంది, రేపు కాలు చీలుతుంది.

వంచిన చెక్క కుర్చీ అంటే ముందు స్క్రూలు చూడండి. ఆవిరితో చెక్కను వంచి కుర్చీలు చేయడంలో పేరున్నవాడు మైకేల్ థోనెట్. ఆయన 1859 నాటి 14వ నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లతో అయిపోయేది. విడదీసిన కుర్చీలు ముప్పై ఆరు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. విప్పి బిగించడానికే చేసిన కుర్చీలవి. మీవి ఆ తరహావి అయితే సీటు కింద స్క్రూలు, నట్లు వదులై ఉంటాయి. బిగిస్తే చాలు.

కుసి, అంటే ముక్క చివర సన్నగా చెక్కిన కొస, బెజ్జంలో దూర్చి అతికించిన రకం అయితే పని వేరే. వదులైన జాయింట్ల మీద కొత్త జిగురు కార్చడం చాలామంది చేసే తప్పు. లోపల పాత జిగురు ఎండి గాజులా ఉంటే కొత్తది చెక్కను పట్టుకోదు. జాయింట్ పూర్తిగా ఊడదీసి, పాత జిగురు తీసేసి, అప్పుడు అతికించాలి. జంతువుల తోలు మరిగించి చేసే పాత జిగురైతే వేడికీ తడికీ మెత్తబడుతుంది. వెచ్చటి నీళ్ల గుడ్డ చుట్టి ఓపిక పడితే చేత్తోనే ఊడి వస్తుంది. విప్పే ముందు ప్రతి ముక్కకూ టేపు అంటించి నంబరు రాయండి. చేత్తో చేసిన కుర్చీలో ముందు కుడి కాలు ఎడమ బెజ్జంలో సరిగా కూర్చోదు. అతికించాక తాడు చుట్టి, తాడులో పుల్ల దూర్చి మెలితిప్పి బిగించండి. క్లాంపులు లేకపోయినా సరిపోతుంది. కుర్చీని సమంగా ఉన్న నేల మీదే ఆరనివ్వండి, లేకపోతే వంకరగానే బిగుసుకుంటుంది.

సరుకు రవాణా చేసే చెక్క పాలెట్లు దొరికాయి. వాటితో సోఫా చేద్దామని ఉంది. పాత తలుపుతో బల్ల కూడా. ఫర్వాలేదా సార్?

సార్ కాదు తమ్ముడూ, అక్కని. పాలెట్ మీద కాల్చి వేసిన ముద్ర ఒకటి ఉంటుంది, అందులో గోధుమ కంకి బొమ్మ. పక్కన హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు ఉంచి. అది తీసుకోండి. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రొమైడ్ అనే విష వాయువు పట్టించినది, ఇంట్లోకి వద్దు. ముద్ర లేకపోయినా, నూనె మరకలు, మందు వాసన ఉన్నా వద్దు. మోసుకొచ్చిన సరుకు ఏమిటో మనకు తెలియదు.

పాత తలుపు చెక్క నాకు చాలా ఇష్టం. ఏళ్ల తరబడి ఎండి, ఇక వంకరపోవడమంటూ పెద్దగా లేని చెక్క. కానీ చిత్రిక పట్టే ముందు ప్రతి అంగుళం అయస్కాంతంతో తడమండి. తల విరిగిపోయి లోపల ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, చిత్రిక కత్తి పోతుంది, కరెంటు రంపం అయితే కన్ను పోతుంది. రంగు ఉంటే పైన చెప్పిన సీసం జాగ్రత్తే. తెచ్చిన చెక్కను వెంటనే కోయకుండా, రెండు మూడు వారాలు మీ ఇంటి గదిలోనే గాలి ఆడేలా పేర్చి ఉంచండి. కాళ్ల చట్రానికి బిగించేటప్పుడు స్క్రూ పడే బెజ్జం నారకు అడ్డంగా పొడుగ్గా తొలచండి. వానల్లో చెక్క ఉబ్బడానికి, ఎండల్లో ముడుచుకోవడానికి ఆ చోటు కావాలి. గుండ్రటి బెజ్జంలో గట్టిగా బిగిస్తే మొదటి వేసవికే బల్ల నడుమ చీలుతుంది.

ఒక్కో వస్తువు ఒక్కో కాలానిది. గది పాత సామాను దుకాణంలా కనిపిస్తోంది. ఏం చేయాలి?

సగం బయటికి తీయండి. ఒక వారం అలా ఉండి, ఏది లేకపోతే తోచడం లేదో అదే లోపలికి తెండి. చెక్క రంగు దగ్గరగా ఉంటే కాలాలు వేరైనా కళ్లకు ఇబ్బంది ఉండదు. నడిచే దారికి ముప్పావు మీటరు తగ్గనివ్వకండి.

వానాకాలం వస్తే మా బీరువా సొరుగు బిగుసుకుపోతుంది. చిత్రిక పట్టించమంటారా?

ఇప్పుడు పట్టించకండి. ఉబ్బిన చెక్కను ఇప్పుడు గీకితే ఎండాకాలంలో సొరుగు వదులై గలగలలాడుతుంది. సొరుగు బయటికి తీసి, నున్నబడి మెరుస్తున్న చోటు ఎక్కడుందో చూడండి, పట్టేస్తున్నది అక్కడే. ఆ చోట తెల్ల కొవ్వొత్తిని గట్టిగా రుద్దండి, అది జారే పట్టీ మీద కూడా. నూనె వద్దు, చెక్క తాగేస్తుంది. ఎండలు వచ్చాక కూడా బిగుసుకుంటే అప్పుడు రాయండి, ఎక్కడ ఎంత తీయాలో చెబుతాను.